ఎండకు గుడ్లు తగ్గితే ఎన్రో ఎందుకు పోస్తున్నరు?

పొద్దున లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) ఫారాల గ్రూపుల ఒకాయన అడిగిండు: "పదివేల పెట్టలు, ప్రొడక్షన్ 91 శాతం నుంచి 84కు పడ్డది, పెంకు పలచగొస్తంది, ఏం చేయాలె?" పది నిమిషాలల్ల జవాబు: "ఎన్రో డబుల్ డోసు, ఐదు రోజులు." ఎన్రో అంటే ఎన్రోఫ్లాక్ససిన్, బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్. కింద నలుగురు దండాలు పెట్టిన్రు. షెడ్డుల ఎండ ఎంతుంది, రెట్ట ఎట్లుంది, చచ్చిన కోడిని కోసి చూసిన్రా అని ఒక్కరన్న అడగలే!

నల్గొండల 43 డిగ్రీలు కాస్తున్న రోజులివి. పెట్ట నోరు తెరిచి రొప్పుతది, రక్తంల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతది, పెంకుకు సున్నం అందదు. మేత తగ్గుతది, గుడ్డు తగ్గుతది. దీంట్ల బ్యాక్టీరియా ఏడుంది? ఎన్రో ఎవర్ని చంపాలె?

లెక్క చూడున్రి. కిలోన్నర పెట్టకు రోజుకు 15 మిల్లీగ్రాముల ఎన్రో అంటరు. 10 శాతం మందు లీటరుకు అర ఎం.ఎల్. పోస్తే 50 మిల్లీగ్రాములు, డబుల్ అంటే 100. మామూలు రోజుల పావు లీటరు తాగే పెట్ట ఎండకాలంల అర లీటరు దాకా తాగుతది. అంటే కడుపులకు 50 మిల్లీగ్రాములు పోతున్నయి. రెండింతలు అనుకొని మూడింతలు దాటిచ్చిన్రు. పేగుల ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా సచ్చిపోతది, రెట్ట పలచబడుతది, గుడ్లు మురికైతయి, నోట్ల, క్రాపుల (మెడకాడి మేత సంచిల) ఫంగస్ పడుతది. మళ్ల దానికింకో మందు.

ఇంకోటి, మన బోరునీళ్లు ఎంత గట్టివో అందరికి తెల్సు. నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎన్రోను పట్టేసుకుంటయి, మందు తెల్లగా విరిగి పైపులల్ల పేరుకుంటది. ఒక వరుసకు తక్కువ, ఇంకో వరుసకు ఎక్కువ. టెట్రాసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ది ఇంకా అన్యాయం, దాణాల ఉన్న గ్రిట్టే (సున్నపురాయి ముక్కలే) దాన్ని కట్టేస్తది. "పని చేస్తలేదు" అని ఇంకింత పోస్తరు. ఆ షెడ్డుల ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడి కూసుంటది. తర్వాతి బ్యాచుకు నిజంగ రోగమొస్తే ఏం పోస్తరు? కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను మన దేశంల 2019 జులైల పశువులకు, కోళ్లకు నిషేధించింది ఇందుకే కదా. మనుషుల ఆఖరి మందు అది. అమెరికాల 2005లనే కోళ్లకు ఎన్రో ఆపేసిన్రు. యూరప్‌ల మనుషులు తినే గుడ్లు పెట్టే కోళ్లకు అది ఇయ్యొద్దు.

అసలు కోపం నాకు ఫోన్ల మందు చెప్పే షాపుల మీద. డాక్టరు చీటీ లేదు, కోడిని చూసింది లేదు, ఖాతాల బాకీ ఉన్నోడికి షాపాయన ఏది చెప్తే అది ట్యాంకుల పడుతది. షాద్‌నగర్ నుంచి దేవరకొండ దాకా ఇదే తంతు, ఏండ్ల సంది.

పచ్చసొన ఒక్కరోజుల తయారు కాదు, పెరగడానికి పది రోజులు పడుతది. అందుకే మందు ఆపినంక గూడ రోజుల తరబడి సొనల వస్తనే ఉంటది, ఉడకబెడితే పోదు. ఆ ట్రేలే అంగన్‌వాడికి పోతయి. నెలలు నిండిన ఆడబిడ్డ పళ్లెంల పడేది ఆ గుడ్డే.

పోస్టు పెట్టిన అన్నా, ఇంకా మందు పోయకుంటే ఆగు. ట్యాంకుకు తడి గోనెసంచులు చుట్టు, ఫాగర్లు (సన్నటి నీటి తుంపర చల్లేవి) నడిపి చూడు, మేత తెల్లారగట్ల, పొద్దుగూకినంక పెట్టు, నీళ్లల్ల ఎలక్ట్రోలైట్లు, విటమిన్ సి ఇయ్యి. అయినా కోళ్లు సస్తుంటే అప్పుడే సచ్చిన దాన్ని ఐసు పెట్టెల పెట్టి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీస్కపో, ఏ మందు పనిచేస్తదో పరీక్ష చేయించు. ఇప్పటికే పోసినవంటే మాత్రం ఆ గుడ్లు బండెక్కియ్యకు.