పాలివ్వడం విశ్రాంతి కాదు, పని

సాయంత్రం ఆరున్నరకు పాపను ఒళ్లోకి తీసుకున్న తల్లి తొమ్మిదైనా అక్కడి నుంచి లేవలేదు. పాప పావుగంట తాగి కళ్లు మూస్తుంది. పడుకోబెట్టి మెల్లగా చేయి లాక్కునేలోపే మూతి తిప్పుతూ వెతుకుతుంది. మళ్లీ మొదలు. తల్లి ఎడమ చేయి తిమ్మిరెక్కింది. గొంతు ఎండిపోతోంది, గ్లాసేమో చేతికందనంత దూరంలో బల్ల మీద ఉంది. అప్పుడే ఎవరో తొంగిచూసి అంటారు: "ఇంతసేపు తాగుతోందంటే నీకు పాలు చాలడం లేదేమో!"

ఆ మాట ప్రేమతోనే అని ఉండొచ్చు. కానీ బాలింత మనసులో అది పెట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు.

మొదటి వారాల్లో పిల్లలు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతారు. పది సార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు అనుకుందాం. మొత్తం 400 నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. తేన్పు తెప్పించడం, తడి బట్టలు మార్చడం, నిద్రపుచ్చడం ఇందులో కలపలేదు. దాదాపు ఒక ఆఫీసు డ్యూటీ అంత సమయం ఇది. అయినా ఇంట్లో దీన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. "కూర్చునే ఉన్నావుగా" అంటారు.

సాయంత్రాలు పిల్లలు గంటకోసారి, అరగంటకోసారి తాగడం మామూలే. రెండు మూడు వారాలప్పుడు, మళ్లీ ఆరో వారం దగ్గర ఇది ఎక్కువవడం చాలామంది తల్లులు చూస్తారు. రొమ్ము నిండుగా ఉంటే పాల తయారీ నెమ్మదిస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ పుంజుకుంటుంది. పాప పదేపదే తాగుతోందంటే, రేపటికి ఇంకాస్త కావాలని ఒంటికి కబురు పెడుతోందన్నమాట. ఆ పూట కంగారుపడి డబ్బా పాలు పట్టిస్తే కబురు ఆ మేరకు ఆగిపోతుంది. రోజూ అదే జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి. లేని కొరతను మన భయమే తెచ్చిపెడుతుంది. డాక్టరు అవసరమని చెప్పి డబ్బా పాలు పట్టించమంటే అది వేరే సంగతి, అందులో తల్లి తప్పేమీ లేదు.

మరి పాలు చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది? గడియారం చూస్తే తెలియదు. ఐదో రోజు దాటాక పాప రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. పుట్టినప్పటి బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. తాగుతున్నప్పుడు గుటకలు వినిపించాలి. ఇవి సరిగ్గా ఉంటే రెండున్నర గంటల సాయంత్రానికి భయపడక్కర్లేదు. ఇవి లేకుండా ప్రతిసారీ గంటల తరబడి సాగుతున్నా, నొప్పి పుడుతున్నా, తాగాక చనుమొన నలిగి ఏటవాలుగా కనిపిస్తున్నా పాప సరిగ్గా పట్టుకోవడం లేదేమో చూడాలి. నోరు బాగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లభాగం కూడా చాలావరకు అందుకోవాలి. ఆలస్యం చేయకుండా డాక్టరుకో, పాలిచ్చే పద్ధతి నేర్పే కౌన్సెలర్‌కో చూపించాలి. నొప్పిని పళ్లబిగువున భరించమని చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి.

తల్లి నడుం, మెడ గురించి ఎవరూ అడగరు. పాప మీదికి వంగకుండా, దిండ్ల సాయంతో పాపనే రొమ్ము ఎత్తుకు తెచ్చుకోవాలి. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం నేర్చుకుంటే కొంత తెరిపి. సోఫాలో, వాలు కుర్చీలో మాత్రం పాపతో కునుకు తీయకూడదు. పాప సందులో ఇరుక్కుని ఊపిరాడని ప్రమాదం ఉంది. నిద్ర ముంచుకొస్తుంటే పాపను ఇంకొకరికి అందించాలి. ఆ ఇంకొకరు పక్కన ఉండాలి కదా!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆరు నెలల దాకా తల్లిపాలు మాత్రమే పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ సలహా అందరికీ కంఠతా వచ్చు. రోజుకు ఆరేడు గంటలు ఎక్కడి నుంచి తేవాలో మాత్రం తల్లికే వదిలేస్తాం. ఉద్యోగిని పాలివ్వడానికి తీసుకునే విరామాన్ని పని గంటల్లో కలిపి జీతం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన ప్రసూతి రక్షణ ఒప్పందంలో ఉంది. ఆఫీసు కోసం రాసిన ఆ లెక్క ఇంట్లోనూ చెల్లాలి. ఆమె పాలిస్తున్నంతసేపూ వంట, బట్టలు, వచ్చేపోయేవాళ్లు వేరొకరి బాధ్యత. అడిగించుకోకుండా నీళ్ల గ్లాసు చేతికివ్వాలి. రాత్రి ఒంటిగంటకు పాలు తాగడం అయ్యాక పాపను భుజాన వేసుకుని తేన్పు తెప్పించే పని తండ్రి అందుకుంటే, ఆమె ఇరవై నిమిషాల ముందే నిద్రలోకి జారుకుంటుంది.