ముప్పయ్యేడు బెండకాయలు, అరవై నాలుగు ఫ్లాట్లు

తోట వెయ్యాలంటే మట్టి, నీళ్ళు, విత్తనాలు ఉంటే చాలనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ముందు వాట్సాప్ గ్రూపు కావాలి, ఆ తర్వాత టీషర్టులు. హైదరాబాదులోని మా అపార్ట్‌మెంటు వెనక ఖాళీ జాగాలో ఉమ్మడి తోట అనుకున్నాక, మృగశిర కార్తెకి వారం ముందే టీషర్టులు వచ్చేశాయి. విత్తనాలు కార్తె దాటాక వచ్చాయి.

మొదటి ఆదివారం ముప్పై మంది సేవకులం దిగాం. ఉన్నది ఒకటే గునపం. దాన్ని పట్టుకుని అందరం వరసగా ఫోటోలు దిగేసరికి ఎండెక్కింది. సేవలో మాకు అనుభవం లేదనుకోకండి. 2015లో హరితహారం మొదలై, రాష్ట్రంలో పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి పెరగాలన్నప్పుడు, మేమూ గేటు ముందు కోనోకార్పస్ నాటాం. ఆ చెట్టు వద్దని తర్వాత ప్రభుత్వమే చెప్పింది. మేం నాటినవాటిలో బతికింది మాత్రం అదొక్కటే.

నాకు కలుపు విభాగం కన్వీనర్ పదవి ఇచ్చారు. ఒక మడి దీక్షగా పీకేస్తుంటే వాచ్‌మన్ భార్య పరుగున వచ్చి, "అది గడ్డి గాదు సారూ, పుంటికూర" అంది. పుంటికూరంటే మా వైపు గోంగూర అని నాకు వెలిగేసరికి మడి ఖాళీ.

ఎరువు విభాగానిది ఇంకో చరిత్ర. జీవామృతానికి 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి. బెల్లం ఆర్గానిక్‌దే ఉండాలని రెండు మీటింగులు జరిగాయి. రోజూ రెండు పూటలా కర్రతో తిప్పాలి. తిప్పేవాళ్ళ జాబితా లామినేషన్ చేయించి డ్రమ్ముకే అంటించాం. తిప్పింది ఎవరంటారా? వాచ్‌మన్ భార్యే. అయితే ఆమె నెలకి జీతం తీసుకుంటుంది కాబట్టి స్వచ్ఛంద సేవ కిందికి రాదు. సర్టిఫికెట్ల దగ్గర ఈ విషయం కమిటీ స్పష్టం చేసింది.

యాభై రోజులకి బెండ కాపుకొచ్చింది. కోస్తే 37 కాయలు. ఫ్లాట్లు 64. తలా అరకాయ పైచిలుకు అని ట్రెజరర్ లెక్క తేల్చాడు. త్రీ బెడ్‌రూమ్ వాళ్ళు ఒప్పుకోలేదు. అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో ఒక్కో ఫ్లాటుకున్న వాటా ప్రకారం పంచాలన్నారు, అదీ న్యాయమే. అద్దెకున్నవాళ్ళు తినొచ్చా, లేక కాయ ఓనరుకే చెందుతుందా అన్న ప్రశ్న రాత్రి పదకొండింటికి లేచింది. డల్లాస్‌లో ఉన్న ఓనరొకాయన తన వాటా వదులుకుంటున్నట్టు మెయిలు పెడితే చప్పట్లు కొట్టాం. ఈలోగా కాయలు వడలిపోయాయి.

అసలు గొడవ తర్వాత బయటపడింది. ముందురోజు ఫోటోలో 38 కాయలున్నాయి. సీసీటీవీ చూశాం. మూడో మడి చివరి మొక్కకి అన్నిటికంటే పెద్ద కాయ. వాచ్‌మన్ భార్య దాని తొడిమకి ఎర్రదారం కట్టి, కొయ్యకుండా వదిలేసింది. పిలిచి అడిగితే, "విత్తనానికి సారూ" అంది.

ఉమ్మడి ఆస్తిని కమిటీ అనుమతి లేకుండా ముదరబెట్టడంపై వచ్చే ఆదివారం అత్యవసర సమావేశం. టీషర్టులు తప్పనిసరి.