అలారం మోగితే వచ్చే ఫిట్స్, ఒక వాట్సాప్ మెసేజ్

రెండు వారాలుగా మా నల్లగొండ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. పైన ఎవరో జిమ్‌లో కుప్పకూలిన ఫొటో, కింద నాలుగు దండాల బొమ్మలు. మధ్యలో చెప్పేదేమిటంటే: ‘ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు ఏ సూచనా లేకుండా చచ్చిపోతున్నారు. కారణం కరోనా టీకా. పరుగులు, జిమ్ములు మానేయండి. జేబులో సార్బిట్రేట్ మాత్ర పెట్టుకోండి. ఒంటరిగా ఉన్నప్పుడు గుండె ఆగితే గట్టిగా దగ్గండి. ఒకసారి ఈసీజీ నార్మల్ వస్తే ఇక భయం లేదు. పది మందికి పంపండి.’ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఒకటి మా బామ్మర్ది పెళ్ళి పనుల కోసం పెట్టిన గ్రూపు.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్ళుగా ఈసీజీలు తీస్తున్న టెక్నీషియన్ని. చూసింది, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నది పెట్టుకుని ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

‘ఏ సూచనా లేకుండా’ అన్నదే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మూడేళ్ళ కిందట చండూరు వైపు నుంచి ఒకామె ఇంటర్ చదివే కూతుర్ని తీసుకొచ్చింది. అపెండిక్స్ ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ కోసం ఈసీజీ కావాలన్నారు. ఆ పిల్ల ఐదేళ్ళుగా ఫిట్స్ మందులు మింగుతోంది. కాగితం బయటికి రాగానే ఏదో తేడాగా కనిపించింది. నాడి నిమిషానికి 60. ఈసీజీ గీతలో ఒక్కో అలకు ఒక్కో అక్షరం పేరు. క్యూ అనే అల మొదలైన చోటు నుంచి టీ అనే అల ముగిసే దాకా చిన్న గడులు లెక్కపెట్టాను. పదమూడు. ఒక్కో గడి 0.04 సెకను, అంటే మొత్తం 0.52. ఆడపిల్లల్లో 0.46 దాటితేనే డాక్టర్లు ఆగి చూస్తారు. మిషన్ మీద నమ్మకం చాలక మళ్ళీ తీశాను. మళ్ళీ పదమూడే.

‘ఫిట్స్ ఎప్పుడొస్తయమ్మా?’ అని అడిగాను.

‘పొద్దుగాల ఫోన్‌ల అలారం మోగితే సారు. ఒకపారి దీపావళికి పక్కింటోళ్ళు బాంబు పేలిస్తే పడ్డది.’

‘ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నదా?’

‘ఎవరికి లేదు.’ కాసేపాగి, ‘మా తమ్ముడు ఇరవై రెండేండ్లకే నిద్రల పోయిండు. గాలి సోకిందన్నరు’ అంది.

క్యూ నుంచి టీ దాకా ఇలా పొడుగయ్యే జబ్బును లాంగ్ క్యూటీ అంటారు. సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుంది. గుండె ఆకారంలో ఏ లోపమూ ఉండదు, టూడీ ఎకో (గుండె స్కానింగ్) తీస్తే శుభ్రంగా కనిపిస్తుంది. లోపమంతా గుండెను కొట్టించే కరెంటులో. ఒక రకంలో పరుగు, అంతకంటే ముఖ్యంగా ఈత ప్రమాదం. ఇంకో రకంలో ఉలిక్కిపడేలా చేసే శబ్దం. మూడో రకంలో నిద్ర. లయ తప్పి మెదడుకు రక్తం అందక మనిషి పడి కొట్టుకుంటే చూసేవాళ్ళకు అది అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. ఐదేళ్ళలో ఆ పిల్లకు ఒక్క ఈసీజీ తీసినవాళ్ళు లేరు. ఎవరిదీ పేరు చెప్పను, చెబితే ఆ ఐదేళ్ళు తిరిగి రావు. హైదరాబాద్ పంపారు, రోజువారీ మాత్ర మొదలుపెట్టారు. ఇంట్లో అందరికీ ఈసీజీలు తీశాను. ఆ పిల్ల తమ్ముడిదీ అదే కథ. ఇప్పుడు వాళ్ళింట్లో ఫోన్లలో అలారం లేదు, పొద్దున్నే వాళ్ళమ్మే భుజం తట్టి లేపుతుంది.

ఎండలో క్యూలో నిలబడి, వికారం వేసి, చెమట పట్టి, కళ్ళు మసకబారి పడిపోవడం చాలామందికి ఉండేదే. దానికి గుండె దాకా వెళ్ళక్కర్లేదు. పరుగెడుతూ పడిపోయినా, పడుకుని ఉండగా స్పృహ తప్పినా, ఉలిక్కిపడి పడినా, ఏమాత్రం తూలకుండా నరికిన చెట్టులా పడినా అది వేరు. ఇంట్లో నలభై లోపు ఎవరైనా కారణం తెలియకుండా పోయి ఉంటే ఇంకా వేరు. గుండె కండరం మందమయ్యే జబ్బు ఒకటుంది, 500 మందిలో ఒకరికి. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మన ఉపఖండం వాళ్ళలో సుమారు 4 శాతం మందికి గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యులోపం ఉందని 2009లోనే తేలింది. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, ముప్పు మాత్రం పెరుగుతుంది. మనవైపు మేనరికాలు కూడా ఎక్కువ కదా: పుట్టుచెవుడున్న పిల్ల తరచూ సొమ్మసిల్లుతుంటే చెవితో పాటు గుండె కూడా చూడాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తే ఆ రెండూ కలిసి ఉండే లాంగ్ క్యూటీ రకం ఒకటుంది.

నిజంగానే ఏ సూచనా లేకుండా, మొదటిసారే చివరిసారై పోయినవాళ్ళూ ఉన్నారు. కాదనను. కానీ ప్రతి చావునూ ఆ లెక్కలో వేసేస్తే చండూరు పిల్ల లాంటి వాళ్ళు దొరకరు.

టీకా సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి మధ్య హఠాత్తుగా చనిపోయిన 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళ వివరాలు 47 ఆసుపత్రుల నుంచి తీసుకుని, అదే వయసున్న బతికున్న వాళ్ళతో పోల్చి చూసింది. టీకా వల్ల ముప్పు పెరిగినట్టు కనపడలేదు. రెండు డోసులు వేసుకున్నవాళ్ళలో తగ్గింది కూడా. ముప్పు పెంచినవి ఇవి: కుటుంబంలో హఠాన్మరణం, కరోనాతో ఆసుపత్రిలో చేరడం, పోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, మత్తు పదార్థాలు, తీవ్రమైన శారీరక శ్రమ. టీకాలకు అసలు ఏ దుష్ప్రభావమూ లేదని నేననను. ఫైజర్ లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాలతో అరుదుగా, ఎక్కువగా మగపిల్లల్లో, గుండె కండరం వాచింది. మనకు ఎక్కువగా వేసినవి కోవిషీల్డ్, కోవాగ్జిన్, అవి ఆ రకం కావు. కోవిషీల్డ్‌తో అరుదుగా రక్తం గడ్డకట్టింది, అదీ నిజమే. అయినా ఈ చావులు టీకాతో పుట్టలేదు. కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియెన్ ఫోయె 2003 జూన్‌లో మైదానంలోనే పోయాడు, 28 ఏళ్ళకు. కారణం పైన చెప్పిన మందమైన గుండె కండరమే.

ఇక పరుగులు మానేయమనడం. కానిస్టేబుల్ సెలెక్షన్లు వస్తున్నాయంటే చాలు, ఎన్జీ కాలేజీ గ్రౌండులో తెల్లవారకముందే 1600 మీటర్ల పరుగు మొదలవుతుంది. ఈ మెసేజ్ చదివి వాళ్ళ అమ్మానాన్నలకు టెన్షన్. పరుగు గుండెను పాడుచేయదు, లోపల ముందే ఉన్న లోపాన్ని బయటపెడుతుంది. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో దిగే ఆటగాళ్ళకు ఈసీజీతో సహా పరీక్ష తప్పనిసరి. వెనెటో ప్రాంతంలో యువ ఆటగాళ్ళ హఠాన్మరణాలు తర్వాత 89 శాతం తగ్గాయి. అక్కడ ఆటలు ఆపలేదు. మన కుర్రాళ్ళలో ఆర్నెల్లు ఖాళీగా ఉండి, నోటిఫికేషన్ రాగానే మొదటి వారంలోనే టైమింగ్ కొట్టాలని చూసేవాళ్ళుంటారు. రాత్రి మందు తాగి పొద్దున గ్రౌండుకొచ్చేవాళ్ళు కూడా. వాళ్ళను ఆపండి.

సార్బిట్రేట్ గురించి ఒక్క మాటే. అది రక్తనాళాలను వదులు చేసి బీపీ దించుతుంది. కండరం మందమై రక్తం బయటికి వెళ్ళే దారి ఇరుకైన గుండెకు ఆ మాత్ర ప్రమాదం. ఛాతీ నొప్పికి డాక్టర్ రాసిచ్చిన పెద్దవాళ్ళ మాట వేరు. చాక్లెట్లలా పంచేది కాదు. లాంగ్ క్యూటీ ఉన్నవాళ్ళకు ఆర్‌ఎంపీ జ్వరానికిచ్చే అజిత్రోమైసిన్, వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్ కూడా లయ తప్పించగలవు. వాళ్ళు వేసుకోకూడని మందుల చీటీ జేబులో ఉండాలి.

దగ్గడం. గుండె ఆగితే పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. ఇక దగ్గేదెవరు? ఆంజియో గదిలో, మానిటర్ మీద లయ తప్పడం కళ్ళారా చూస్తూ డాక్టర్ ‘దగ్గు, దగ్గు’ అంటారు. ఆ మాటే మన ఫోన్లలోకి వచ్చి చేరింది. పడిపోయినవాడు తనను తాను కాపాడుకోలేడు, పక్కనున్నవాళ్ళే కాపాడాలి. మనం చేసేదేమిటి? ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతాం, నోట్లో నీళ్ళు పోస్తాం. గురకలా శబ్దం వస్తుంటే ‘ఊపిరి ఆడుతోంది’ అని ఊరుకుంటాం. ఆ గురక ఊపిరి కాదు, గుండె ఆగినప్పుడు వచ్చేదే. పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో చేతిమీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ చేసింది అదే. షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ దగ్గర్లో ఉంటే ఇంకా నయం. ఛాతీ నొక్కడం, షాక్ రెండూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

చివరిది, నా పొట్టకూటి మాట: ‘ఈసీజీ నార్మల్ అయితే భయం లేదు.’ ఉంటుంది. నేను తీసేది పడుకున్న మనిషి పది సెకన్ల గుండె. రక్తనాళం పుట్టుకతోనే తప్పు చోటు నుంచి మొదలైతే నా కాగితం మీద సాధారణంగా ఏమీ కనపడదు. పరుగెత్తినప్పుడు మాత్రమే లయ తప్పే జబ్బుంటే ట్రెడ్‌మిల్ ఎక్కించాల్సిందే. అందుకే కాగితం కంటే ముందు నేను ఇంట్లోవాళ్ళ సంగతులు అడుగుతాను.

ఇందులో సగం నిన్న రాత్రి మా బామ్మర్ది పెళ్ళి గ్రూపులో పెట్టాను. అందరూ చేతులు జోడించే బొమ్మ పెట్టి పడుకున్నారు. పదకొండు దాటాక పెళ్ళికూతురి చిన్నాన్న విడిగా మెసేజ్ చేశారు: ‘మా అన్న కొడుకు బావిల ఈతకు దిగి పోయిండు. మంచి ఈతగాడు. మునిగిండన్నరు. అది కూడ ఇదేనా?’ చూడకుండా చెప్పలేనన్నాను. ఆ అబ్బాయికి తోబుట్టువులెవరైనా ఉన్నారా అని అడిగాను. ఇద్దరు చెల్లెళ్ళట. సోమవారం పొద్దున తీసుకొస్తున్నారు.