ఏం చదివారని అడగడం మర్యాదేనా?

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే గోడ మీద డిగ్రీ ఉందా అని చూస్తాం. కారు నేర్పేవాడికి లైసెన్సు ఉందో లేదో ఆరా తీస్తాం. పన్ను, కారు చిల్లర విషయాలు కాబట్టి సరే. మనసునీ కాపురాన్నీ కలిపి ఒకే పూటలో బాగుచేసే మహానుభావుల్ని కూడా "ఏం చదివారు?" అని నిలదీయడం నాకెందుకో సంస్కారంగా అనిపించదు.

మొన్న ఒక వర్క్‌షాప్‌లో ఆ అపచారం జరగనే జరిగింది. తెర మీద వక్తగారి బిరుదులు: మైండ్ ఆర్కిటెక్ట్, బిహేవియర్ ఎక్స్‌పర్ట్, ట్రాన్స్‌ఫర్మేషన్ కోచ్. వెనక వరసలో ఒకాయన మైకు అందుకుని "సైకాలజీ ఎక్కడ చదివారండీ?" అన్నాడు. వక్తగారు కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వి, "ఈ ప్రశ్న మీది కాదు, మీలోని భయానిది" అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ సందట్లోనే వాలంటీరు వచ్చి మైకు పట్టుకుపోయాడు.

వక్తగారు చెప్పిందాని ప్రకారం సంభాషణలో మాటల వాటా 7 శాతమేనట. గొంతుది 38, ముఖానిది 55. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967 నాటి ప్రయోగాల్లోంచి వచ్చిన లెక్క ఇది. ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భాలకే గానీ అన్ని మాటలకూ ఇది వర్తించదని ఆయనే చెప్పాడు. పాపం, తన లెక్క విలువ ఆయనకే తెలియలేదు. వక్తగారు మాత్రం ఆ 7 శాతం సరుకునే మూడు గంటలు ఏకధాటిగా వడ్డించారు.

ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుందన్నారు. దీని మూలపురుషుడు మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషనయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని 1960లో రాశాడు. ముక్కు నుంచి మనసుకు వచ్చే దారిలో ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది. తర్వాత లండన్‌లో 96 మందితో చేసిన అధ్యయనంలో ఒక అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులని తేలింది. కొందరికి 18, కొందరికి 254. నిజమే కావచ్చు. కానీ 254 రోజుల కోర్సుకు ఎవరు డబ్బు కడతారండీ?

ఇన్ని తెలిసినవాణ్ణి, ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ కోచ్ శిక్షణకు పేరిచ్చాను. రెండు రోజుల కోర్సు. నేర్పేవారు కిందటి బ్యాచ్‌లో పాసైనవారే. క్లాసు శనివారం మొదలవుతుంది. సర్టిఫికెట్ మాత్రం శుక్రవారమే మెయిల్లో వచ్చేసింది.