లాక్ అన్నంత మాత్రాన ఎస్‌క్యూలైట్‌ను తీసేస్తారా?

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీ వాడే ప్రోగ్రామ్ లాగ్‌లో "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అన్న లైన్ నాలుగైదు సార్లు కనిపిస్తే చాలు, టీమ్‌లో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: "ఎస్‌క్యూలైట్ చిన్నాచితకా పనులకే, మన లోడ్ తట్టుకోదు, పోస్ట్‌గ్రెస్ సర్వర్ డేటాబేస్‌కి మారిపోదాం." అందరూ తలలూపుతారు. ఆ క్షణంలో లాక్ (ఒకరు రాస్తుండగా ఇంకొకరు రాయకుండా ఆపే తాళం) ఏ కనెక్షన్ దగ్గర ఉంది, ఎంతసేపటి నుంచి ఉంది, ఎందుకు వదల్లేదు అని ఒక్కరూ అడగరు. మారడం మీద నాకు కోపం లేదు. ఏం జరిగిందో చూడకుండా మారడం మీదే కోపం. ట్రాన్సాక్షన్లు (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అన్నట్టు ఒక్కటిగా కట్టిన పనులు) రాసే పద్ధతిలో లోపం ఉంటే అది కొత్త డేటాబేస్‌కీ మన వెంటే వస్తుంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట!

తట్టుకోదు అంటున్నది దేన్నో కాస్త ఆలోచించండి. రిచర్డ్ హిప్ 2000లో మొదటి వెర్షన్ విడుదల చేసిన ఈ లైబ్రరీ ఈరోజు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ప్రతి ఐఫోన్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో పనిచేస్తోంది. దీనికి వేరే సర్వర్ ఉండదు. మన ప్రోగ్రామ్‌లోనే ఒక భాగంగా నడుస్తుంది, డేటా అంతా ఒక ఫైల్‌లో ఉంటుంది. సర్వర్ డేటాబేస్‌లో మధ్యలో ఒక ప్రాసెస్ కూర్చుని ఎవరి వంతు ఎప్పుడో చూసుకుంటుంది. ఇక్కడ ఆ పని లాక్‌లు చేస్తాయి. ఒక డేటాబేస్ ఫైల్‌లోకి ఒక సమయంలో ఒక్కరే రాయగలరు. ఇదేదో దాచిపెట్టిన లోపం కాదు, డాక్యుమెంటేషన్‌లో మొదటి నుంచీ స్పష్టంగా రాసి ఉన్న విషయమే.

మరి ఎర్రర్ ఎందుకొస్తుంది? ఇద్దరు ఒకేసారి రాయబోతే రెండోవాళ్లు ఆగాలి. ఎంతసేపు ఆగాలో చెప్పేది బిజీ టైమౌట్. లైబ్రరీలో దాని డిఫాల్ట్ విలువ సున్నా. అంటే లాక్ దొరక్కపోతే ఒక్క మిల్లీసెకను కూడా ఆగకుండా ఎర్రర్ ఇచ్చేస్తుంది. పైథాన్ మాడ్యూల్ లాంటివి తమంతట తాము 5 సెకన్లు పెడతాయి, అన్ని భాషల లైబ్రరీలూ అలా చేయవు. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఈ విలువ పెట్టుకోవాలి, ఎందుకంటే ఇది ఫైల్‌లో నిలిచిపోయే సెట్టింగ్ కాదు. సగం ఫిర్యాదులు ఈ ఒక్క లైన్‌తో ఆగిపోతాయని నా నమ్మకం.

మిగతా సగం టైమౌట్ పెంచితే పోవు. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఒక వరుస రాసి, మధ్యలో ఏదో వెబ్ సర్వీస్‌ను పిలిచి, దాని జవాబు కోసం ఎదురుచూసి, అప్పుడు ఇంకో వరుస రాసి కమిట్ చేసే (మార్పులు ఖాయం చేసే) కోడ్ ఎంత మామూలైపోయిందో! అవతలి సర్వర్ ఆలస్యం చేసినంతసేపూ రాసే లాక్ మన చేతిలోనే ఉంటుంది, మిగతా వాళ్లంతా బయట నిలబడతారు. టైమౌట్ 30 సెకన్లు చేస్తే ఎర్రర్ కనిపించడం మానేస్తుందేమో గానీ, యూజర్ మాత్రం 30 సెకన్లు స్క్రీన్ చూస్తూ కూర్చుంటాడు. నెట్‌వర్క్ పనంతా ముందే ముగించండి. ఆ తర్వాత ట్రాన్సాక్షన్ తెరిచి, రాసి, వెంటనే మూసేయండి.

ఇంకో రకం ఉంది. అది అనుభవజ్ఞులను కూడా తికమక పెడుతుంది: టైమౌట్ పెట్టినా ఎర్రర్ తక్షణమే వస్తుంది. ట్రాన్సాక్షన్‌ను మొదలుపెట్టే మామూలు బిగిన్ ఆదేశం ఏ లాక్‌నూ తీసుకోదు. డేటా చదివే మొదటి సెలెక్ట్‌తో చదివే స్థితిలోకి వెళ్తుంది, తర్వాత డేటా మార్చే అప్‌డేట్ వచ్చినప్పుడు రాసే లాక్ అడుగుతుంది. ఈ రెండింటి మధ్య వేరే కనెక్షన్ ఏదైనా రాసి కమిట్ చేసేసిందనుకోండి. వాల్ మోడ్‌లో (మార్పులను ముందు పక్కనున్న వాల్ ఫైల్‌లో రాసుకునే పద్ధతి) మన ట్రాన్సాక్షన్ చూస్తున్నది ఇప్పుడు పాత స్నాప్‌షాట్, అంటే చదవడం మొదలైనప్పటి డేటా. ఎంతసేపు ఆగినా అది కొత్తది కాదు. అందుకే ఎస్‌క్యూలైట్ అసలు ఆగకుండా వెంటనే తిప్పి పంపుతుంది. పాత స్నాప్‌షాట్ మీద రాయనివ్వకపోవడం సరైన పని, మన డేటాను కాపాడే పని. చివరికి రాయబోతున్నాం అని తెలిసిన ట్రాన్సాక్షన్‌ను బిగిన్ ఇమ్మీడియట్‌తో మొదలుపెట్టాలి. అప్పుడు రాసే లాక్ మొదట్లోనే అడుగుతుంది, టైమౌట్ కూడా అనుకున్నట్టే పనిచేస్తుంది. మన కోడ్ నుంచి డేటాబేస్ ఆదేశాలను తయారు చేసి పంపే చాలా ఓఆర్‌ఎం లైబ్రరీలు మామూలు బిగిన్‌నే వాడతాయి కాబట్టి మీది ఏం పంపుతోందో ఒకసారి లాగ్ తీసి చూడండి.

"ఇన్సర్ట్‌లు చాలా స్లో" అనే ఫిర్యాదు సంగతి చూద్దాం. ఇన్సర్ట్ అంటే కొత్త వరుస చేర్చడం. ఎస్‌క్యూలైట్ వాళ్ల సొంత ప్రశ్నోత్తరాల పేజీలోనే ఉంది: సాధారణ డెస్క్‌టాప్‌లో సెకనుకు 50,000కు పైగా ఇన్సర్ట్‌లు చేయగలదు, కానీ ట్రాన్సాక్షన్లు మాత్రం కొన్ని పదులే. బిగిన్ అని చెప్పకపోతే ప్రతి ఇన్సర్టూ దానంతటది ఒక ట్రాన్సాక్షన్. ప్రతి దాని చివరా డేటా నిజంగా డిస్క్ మీదికి చేరిందని ఖాయం చేసుకునేదాకా ఆగుతుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే అలా సెకనుకు 60 దాకానే కుదురుతుంది. ఎస్‌ఎస్‌డీ మీద అంకె పెరుగుతుంది గానీ కారణం అదే. వెయ్యి వరుసలను ఒక్క ట్రాన్సాక్షన్‌లో పెట్టండి, స్టేట్‌మెంట్‌ను ఒకసారి ప్రిపేర్ చేసి విలువలు మార్చుకుంటూ వాడండి. తేడా మీకే తెలుస్తుంది.

కానీ జనం చేసేది ఇది కాదు. ఎక్కడి నుంచో "స్పీడ్ పెంచే ప్రాగ్మాలు" (ఎస్‌క్యూలైట్ సెట్టింగ్‌లు మార్చే ఆదేశాలు) అన్న జాబితా తెచ్చి అతికిస్తారు. అందులో సింక్రోనస్ ఆఫ్ ఉంటుంది, జర్నల్ మోడ్ మెమరీ ఉంటుంది. బెంచ్‌మార్క్ అద్భుతంగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. సింక్రోనస్ ఆఫ్ అంటే డిస్క్ మీద పడిందో లేదో చూడకుండా ముందుకు పొమ్మని చెప్పడం. రాస్తుండగా కరెంటు పోతే ఫైలే పాడవచ్చు. జర్నల్‌ను, అంటే మధ్యలో ఆగితే వెనక్కి తీసుకునేందుకు రాసుకునే పాత ప్రతిని, మెమరీలో పెడితే అందుకు కరెంటు కూడా పోనక్కర్లేదు, ట్రాన్సాక్షన్ మధ్యలో మన ప్రోగ్రామ్ క్రాష్ అయితే చాలు, ఫైల్ పాడయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఆ ఫైల్‌లో ఉన్నది మన డేటా కాదు. ఎవరో మనల్ని నమ్మి రాసుకున్న నోట్స్, లెక్కలు, ఫొటోల వివరాలు. వాళ్లను అడక్కుండా వాళ్ల డేటాను పందెం కాసే హక్కు మనకు లేదు. మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకోగలిగిన కాష్ (తాత్కాలిక నిల్వ) అయితే ఆఫ్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అసలు వేగం కావాలంటే 2010లో వచ్చిన వాల్ మోడ్ ఉంది. అందులో చదివేవాళ్లు రాసేవాళ్లను ఆపరు, రాసేవాళ్లు చదివేవాళ్లను ఆపరు. దానికి సింక్రోనస్ నార్మల్ జోడిస్తే, కరెంటు పోయినప్పుడు చివరి కొన్ని కమిట్‌లు పోవచ్చు గానీ ఫైల్ పాడవదు. ఈ బేరం చాలా అప్లికేషన్లకు సరిపోతుంది. డబ్బు లెక్కల్లాంటివైతే సింక్రోనస్ ఫుల్‌లోనే ఉంచండి. వాల్ పెట్టాక దాని ఫైల్ ఆగకుండా పెరుగుతోందంటే, ఎక్కడో ఒక సెలెక్ట్ సగం చదివి వదిలేశారని అనుమానించండి. వాల్ 1,000 పేజీలు దాటితే చెక్‌పాయింట్ (వాల్‌లోని మార్పులను అసలు ఫైల్‌లోకి చేర్చడం) దానంతటదే మొదలవుతుంది, కానీ పాత స్నాప్‌షాట్‌ను పట్టుకుని కూర్చున్న రీడర్ ఒక్కరున్నా అది పూర్తి కాదు.

క్వెరీ నెమ్మదిగా ఉంటే కాష్ సైజ్ పెంచే ముందు ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ నడపండి, క్వెరీని ఎలా నడుపుతుందో అది చెబుతుంది. సెర్చ్ అని వస్తే ఇండెక్స్‌నో (వరుసలను త్వరగా వెతికే సూచిక) ప్రైమరీ కీనో వాడుతోంది, స్కాన్ అని వస్తే మొదటి వరుస నుంచి చివరిదాకా తిరుగుతోంది. కాలమ్‌ను ఒక ఫంక్షన్‌లో చుట్టి పోల్చినా, లైక్‌లో శాతం గుర్తు ముందే పెట్టినా మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఎక్కువమంది పట్టించుకోనిది ఫారిన్ కీ, అంటే ఒక టేబుల్‌లోని వరుస వేరే టేబుల్‌లోని వరుసను చూపే కాలమ్. పిల్ల టేబుల్‌లోని ఆ కాలమ్‌కు ఇండెక్స్ దానంతటది ఏర్పడదు. ఫారిన్ కీలు ఆన్‌లో ఉంటే, తల్లి టేబుల్‌లో ఒక్క వరుస తీసేయాలన్నా పిల్ల టేబుల్ మొత్తం వెతుకుతుంది. డిలీట్ ఎందుకంత స్లో అని తలపట్టుకునేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. ఇండెక్స్‌లు పెట్టాక క్వెరీ ప్లాన్ ఎంపికకు గణాంకాలు సేకరించే అనలైజ్ నడపడం మరిచిపోవద్దు. అలాగని కనిపించిన ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ పెడితే రాయడం భారమవుతుంది.

డిలీట్ చేసినా ఫైల్ సైజ్ తగ్గలేదన్నది సమస్యే కాదు. ఖాళీ పేజీలు మళ్లీ వాడుకోవడానికి ఉంటాయి, నిజంగా తగ్గాలంటే ఫైల్‌ను కొత్తగా కట్టే వాక్యూమ్ ఆదేశం ఉంది.

నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ను మాత్రం దయచేసి మామూలు కాపీతో బ్యాకప్ తీయకండి. పక్కనున్న వాల్ ఫైల్‌లో ఇంకా లోపలికి చేరని కమిట్‌లు ఉండవచ్చు. వాక్యూమ్ ఇంటూ ఉంది, బ్యాకప్ ఏపీఐ ఉంది, అవి వాడండి. నెట్‌వర్క్ షేర్ మీద ఫైల్ పెట్టి పలు కంప్యూటర్ల నుంచి తెరవడం కూడా వద్దు. వాల్‌కు అందరూ ఒకే మెషీన్‌లో ఉండి మెమరీ పంచుకోవాలి, పైగా నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లలో లాక్‌లు నమ్మదగ్గవి కావు. పలు మెషీన్లు ఒకే డేటాలో నేరుగా రాయాల్సిన అవసరమే ఉంటే, అప్పుడు సర్వర్ డేటాబేస్‌కు మారండి. అది సరైన కారణం, నేనే మొదట ఒప్పుకుంటాను.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "స్లోగా ఉంది, లాక్ అవుతోంది" అని వదిలేయకండి. వెర్షన్ ఎంత, జర్నల్ మోడ్ ఏది, బిజీ టైమౌట్ ఎంత, ఎన్ని కనెక్షన్లు రాస్తున్నాయి, క్వెరీ ప్లాన్ ఏమంటోంది అన్నవి రాయండి. కింద కామెంట్లలో ఆ వివరాలతో అడిగిన వాళ్లకు నాకు తెలిసినంతవరకు తప్పకుండా జవాబిస్తాను.