మడత పడనని పంతం పట్టిన తూనీగ రెక్కకు

తూనీగ రెక్క గారికి,

నమస్కారాలు, కుశల ప్రశ్నలు తర్వాత. పొద్దున్నుంచి నా దండెం మీదే ఉన్నావు, నాలుగు ముక్కలుగా బార్లా చాపుకుని. తడి చొక్కాతో దగ్గరికొస్తే లేస్తావు, రెండు చక్కర్లు కొట్టి సరిగ్గా అక్కడికే వస్తావు. వాలాక ఏదో ఆలోచించినట్టు కాస్త ముందుకి, కిందికి వంగుతావు. వెనక్కి మాత్రం మడవవు. వీపు మీద బుద్ధిగా సర్దుకోవడం అనే పని 30 కోట్ల ఏళ్లుగా మీ వంశంలో ఎవరికీ చేతకాలేదు.

పక్కవాళ్లని చూసైనా నేర్చుకోకూడదా? రెక్క మొదట్లో ఓ చిన్న గట్టి పలక, దాన్ని లాగడానికి ఓ కండరం, లాగితే రెక్క వచ్చి వీపు మీద పడుకుంటుంది. ఈ ఒక్క చిట్కాతో బొద్దింక సింకు కింది సందులో కాపురం పెట్టేసింది. పెంకు పురుగులైతే మరీ తెలివిమీరి ముందు రెక్కల్ని గట్టి మూతలుగా మార్చుకుని, ఎగిరే రెక్కల్ని వాటి కింద మడిచి దాచుకుని, మట్టిలో, బెరడు కింద, పేడలో, ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోయాయి. ఇప్పుడు వాటిలో పేరు పెట్టిన జాతులే దాదాపు 4 లక్షలు. మీ తూనీగలు, మీ సన్నపాటి సూది చుట్టాలు అందరూ కలిసినా 6 వేల పైచిలుకు. ఈగ వెనక రెక్కల్ని చిన్న గుబ్బలుగా కుదించుకుని ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం వాడుకుంటోంది. నల్లి అసలు రెక్కలే వద్దనుకుని పరుపుల్లో స్థిరపడింది (నల్లిని ఆదర్శంగా చూపించే రోజొకటి వస్తుందని నేనూ అనుకోలేదు). మీ సూది చుట్టాల్లో చాలామంది కనీసం రెక్కలు వీపు పైన జోడించి దణ్ణం పెట్టినట్టు కూర్చుంటారు. అది మడత కాకపోయినా మర్యాద.

ఈ మడవలేని జట్టులో నీకు మిగిలిన తోడెవరో తెలుసా? మేఫ్లై! పెద్దదయ్యాక తినడానికి పనికొచ్చే నోరు కూడా లేక, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో పోయే ప్రాణి.

తాతల గొప్పలు మొదలుపెట్టకు. ఫ్రాన్స్‌లోని కోమాంత్రీ బొగ్గు గనుల్లో శిలాజంగా దొరికిన మీ పాతకాలపు పెద్ద చుట్టం మెగాన్యూరా సంగతి నాకూ తెలుసు, రెక్కల కొస నుంచి కొసకి 65 సెంటీమీటర్లు. అదీ మడవలేదు. అప్పటికి ఆకాశంలో పక్షుల్లేవు కాబట్టి చెల్లింది.

సరే, అసలు కడుపుమంట చెప్తా. ఇన్ని లోపాలున్నా నువ్వు సుఖంగానే ఉన్నావు. నాలుగు రెక్కల్నీ దేని కండరం దానికే పెట్టుకుని, ముందువి ఒక లయలో వెనకవి ఇంకో లయలో కొడుతూ, ఉన్నచోటే నిలబడి, వెనక్కి కూడా ఎగిరి, 100 సార్లు దూకితే 95 సార్లు దోమనో ఈగనో పట్టేస్తావట. ఆ మడత నేర్చిన ఈగనే! పంటాలా అనే మీ పసుపు రకం హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుంది. పైగా ఇందాక వెలుతురు పక్కనుంచి పడినప్పుడు దగ్గరగా చూశాను, నువ్వు అద్దంలా చదునుగా లేవు. కాగితపు విసనకర్రలా ఈనె ఈనెకీ ఎత్తూపల్లం, గాలికి వంగకుండా నిన్ను నిలబెట్టేది అదేనట. ఒళ్లంతా మడతలు పెట్టుకుని మడవనంటావా!

ఇంకో గుట్టు కూడా చెప్తా విను. నీళ్లలో పిల్లపురుగుగా ఉన్నన్నాళ్లూ వీపు మీది చిన్న తొడుగుల్లో నలిగి, ముడుచుకుని, నోరెత్తకుండా పడి ఉన్నావు. ఒక రాత్రి ఆ పిల్లపురుగు రెల్లు కాడ పట్టుకుని పైకి పాకింది, వీపు చిట్లింది, తడిగుడ్డ ముద్దలా బయటికొచ్చావు. లోపలి రసం నరాల్లోకి ఎక్కేకొద్దీ సాగావు, సాగి, వీపు పైన బుద్ధిగా జోడించుకుని కాసేపు ఆరావు. తెల్లారాక ఒక్కసారి పక్కలకి విప్పావు, ఇక అంతే.

నా చొక్కా చివరికి కుర్చీ మీద ఆరేశాను. నువ్వు పడనన్న మడతలన్నీ దానికి పడ్డాయి.

ఇట్లు,
దండెం అసలు హక్కుదారు