స్లిప్ టెస్టు గారికి హనుమకొండ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ స్లిప్ టెస్టు గారికి,

మూడో తరగతి పిల్ల తల్లి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేం క్షేమమని చెప్పలేను. మీ క్షేమం అడగక్కర్లేదు, ప్రతి సోమవారం పొద్దున మా ఇంట్లోనే ఉంటున్నారు.

చూడబోతే మీరు సగం కాగితం, 20 మార్కులు. మీ రాక మాత్రం ఆదివారం సాయంత్రమే తెలిసిపోతుంది. భద్రకాళి చెరువు కట్ట మీద మొక్కజొన్న కంకి తింటున్న పిల్ల ఉన్నట్టుండి "అమ్మా, రేపు సోమారమా?" అంటుంది. అంతే, కంకి సగంలో ఆగిపోతుంది.

తెల్లారి ఏడున్నరకు కడుపునొప్పి. ఎనిమిదింపావుకు స్కూలు ఆటో వెళ్లిపోతే నొప్పి కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది. మొదట్లో నాటకమనుకున్నాను, తిట్టాను కూడా. డాక్టర్ పరీక్షలన్నీ చూసి జబ్బేమీ లేదన్నారు, కానీ నొప్పి నిజమేనన్నారు. భయం పుడితే ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుందట. రక్తం పొట్టను వదిలి కాళ్లూ చేతుల వైపు మళ్లుతుంది, పొట్టేమో మెలిపెడుతుంది. పులి ఎదురైతే పనికొచ్చే ఏర్పాటు అది. మా పిల్ల ఏడో ఎక్కాన్ని చూసి కాళ్లలోకి రక్తం పంపుకుంటోంది. మీ గౌరవం అంత గొప్పది!

మిమ్మల్ని పంపించేయడానికి మేం చేయని ప్రయత్నం లేదు. "పొల్లకు బుగులు పట్టింది" అని, అంటే భయం పట్టుకుందని, మా అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గాం, మీరు తప్ప. మా ఆయన "ఏం కాదు బిడ్డా" అని వందసార్లు చెప్పారు. నూటొకటోసారి అది "ఏం కాదంటే, ఏం కాదు?" అనడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. ఇక నేను రెండు సోమవారాలు బడి మాన్పించాను. మీకు నేను చేసిన అతి పెద్ద సేవ అదే. మూడో వారం నొప్పి ఆదివారం మధ్యాహ్నానికే వచ్చేసింది. తప్పించుకున్నకొద్దీ బుగులు బలుస్తుందని అప్పుడు తెలిసింది. దానికి మూడు పూటలా తిండి పెట్టింది నేనే మరి.

2009 విద్యాహక్కు చట్టం సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. పిల్లల చదువు భయమూ ఆందోళనా లేకుండా సాగాలని 29వ సెక్షన్లో రాసి ఉంది. స్లిప్ టెస్టులో ఆ ప్రశ్న రాలేదు కాబట్టి మీరు చదివి ఉండరు. ఏడాదికి నాలుగు ఎఫ్ఏ పరీక్షలు, రెండు ఎస్ఏ పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. మధ్యలో మిమ్మల్ని పిలిచిందెవరంటే, మేమే. పేరెంట్స్ మీటింగులో ఒకాయన "పక్క స్కూల్ల వారానికి మూడు పెడ్తున్నరు, మీరు ఒక్కటేనా?" అన్నప్పుడు గట్టిగా తలూపినవాళ్లలో నేనూ ఉన్నాను. పిల్ల ఇంటికి రాగానే "తిన్నవా" కంటే ముందు "ఎన్నొచ్చినయ్" అనడిగేదీ నేనే.

అందుకని మీకు తెలియకుండా ఇంట్లో కొన్ని కుట్రలు మొదలుపెట్టాం. బుగులు ఎంతుందో కొలవడం మొదటిది. శనగ గింజంతనా, బిందెంతనా, భద్రకాళి చెరువంతనా? మొదటి రోజు "కాకతీయ తోరణమంత" అంది. పేరూ కొలతా దొరికాక అది కాస్త తగ్గినట్టే అనిపించింది. రెండోది ఊపిరి. వేడి సకినాన్ని చల్లార్చినట్టు మెల్లగా, పొడుగ్గా ఊదాలి. దీనికి నిజం సకినాలే కావాలని మా పిల్ల షరతు పెట్టింది, డబ్బా ఖాళీ అయింది. మూడోది మీ మీదే తిరుగుబాటు. మొదట రెండే ప్రశ్నలు, అరుగు మీద. తర్వాతి వారం ఐదు. ఆ తర్వాత గడియారం పెట్టి. టీచరమ్మ కూడా మంచావిడ, రెండు వారాలు "ఇంకా ఐదే నిమిషాలు" అని అరవకుండా ఉండటానికి ఒప్పుకుంది.

మధ్యలో రామప్ప టూరుకు వెళ్లొచ్చింది. 1213 నాటి ఆ గుడి పునాదిలో ఇసుక పోశారని, అదురు వస్తే ఆ ఇసుకే తట్టుకుంటుందని అక్కడ చెప్పారట. "అంటే గుడి గుడ వణుకుతదా?" అని ఇంటికొచ్చి నన్నడిగింది. వణుకుతుందన్నాను. ఏమనుకుందో ఏమో, "మంచిగుంది" అని టీవీ పెట్టుకుంది.

పోయిన సోమవారం కూడా కడుపునొప్పి వచ్చింది. ఆ నొప్పితోనే ఆటో ఎక్కింది. సాయంత్రం నేను మార్కులు అడగలేదు. అడగకుండా ఉండటానికి నేనూ ఒక సకినం ఊదుకోవాల్సి వచ్చింది. పడుకునే ముందు పిల్లే చెప్పింది, 12 అని.

ఇట్లు,
పోయిన ఆదివారం మా పిల్ల పెట్టిన స్లిప్ టెస్టులో 20కి 11 తెచ్చుకున్న తల్లి

తా.క.: నా పేపరు మీద ఎర్రపెన్నుతో "పేరెంట్‌ను తీసుకురావాలి" అని రాసి ఉంది. మా అమ్మకు ఫోన్ చేశాను. పరకాలలో బస్సెక్కింది.